గోదావరి కోకో, తుంగభద్ర ఎండ

హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2023 ఆగస్టులో ప్రారంభమైన ‘మనం చాక్లెట్ కార్ఖానా’ గోదావరి జిల్లాల్లో పండిన కోకో గింజలను తెప్పించుకుని, కొనేవారి కళ్లెదుటే చాక్లెట్‌గా మార్చి అమ్ముతున్నది. గింజను వేయించడం మొదలుకొని పలకగా పోసేవరకు పనులన్నీ ఒకే చోట, కొద్ది కొద్ది మోతాదుల్లో సాగే ఈ పద్ధతిని క్రాఫ్ట్ చాక్లెట్ అంటారు. చాక్లెట్ పేరెత్తగానే బెల్జియం, స్విట్జర్లాండ్ అనడం అలవాటైన చోట (ఆ రెండు దేశాల్లోనూ కోకో పండదన్నది వేరే సంగతి) చైతన్య ముప్పాల స్థాపించిన ఈ సంస్థను టైమ్ పత్రిక 2024లో ప్రపంచంలోని గొప్ప ప్రదేశాల జాబితాలో చేర్చింది.

తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపూర్ దగ్గరి చౌరస్తా నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఈ దుకాణానికి సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. కోకో తోట చూడాలంటే అంతకన్నా చాలా దూరం పోవాలి. అమెజాన్ అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగిన జాతి కావడంతో కోకోకు గాలిలో తేమ, వేరుకు ఎడతెగని నీరు, నెత్తిన మరో చెట్టు నీడ కావాలి. కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా, అంటే ప్రధాన పంట వరుసల నడుమ వేసే రెండో పంటగా, అది ఏలూరు, పశ్చిమగోదావరి ప్రాంతాల్లో కుదురుకోవడానికీ, కృష్ణా తుంగభద్రల నడుమ పత్తి, వేరుశనగ, మిరప పండే నడిగడ్డకు రాకపోవడానికీ కారణం ఇదే.

రుచికి పునాది పడేది దుకాణంలో కాదు, ఏలూరు దగ్గరి తడికలపూడిలో గింజలు పులిసే చోట. చెట్టు మొదలుకే అంటుకుని కాసే కోకో కాయను పగలగొడితే, సీతాఫలం తొనల మాదిరి తెల్లని గుజ్జు చుట్టుకున్న గింజలు 30 నుంచి 40 వరకు కనిపిస్తాయి; ఆ గుజ్జు తీపి పులుపు కలిసి బాగానే ఉంటుంది గాని, లోపలి పచ్చి గింజ కొరికితే వట్టి వగరు, చేదు. గుజ్జుతో సహా గింజలను చెక్కపెట్టెల్లో పోసి కప్పి, మధ్యమధ్య తిరగవేస్తూ అయిదారు రోజులు ఉంచితే, మొదట ఈస్టు గుజ్జులోని చక్కెరను ఆల్కహాలుగానూ, ఆ తరువాత బ్యాక్టీరియా దానిని వెనిగర్‌లో ఉండే ఆమ్లంగానూ మారుస్తాయి. పెట్టెలో వేడి 45 డిగ్రీలు దాటి, గింజలోని మొలక చచ్చి, వగరు తగ్గి, వేయించినప్పుడు చాక్లెట్ వాసనగా విచ్చుకునే పదార్థాలు అప్పుడే పుడతాయి. ఈ పులియబెట్టడం చెడితే తరువాత ఎంత గొప్ప వంటవాడి చేతిలో పడినా ఆ గింజ బాగుపడదు.

ఎండబెట్టి, వేయించి, పొట్టు చెరిగాక మిగిలే పలుకులను నిబ్స్ అంటారు. వీటిని గంటల తరబడి రుబ్బే రాతి యంత్రం పేరు మెలాంజర్. ప్రపంచమంతటా చిన్న చాక్లెట్ తయారీదారులు వాడే ఈ యంత్రాల్లో చాలావాటికి మూలం దక్షిణాది ఇళ్లలో ఇడ్లీపిండి రుబ్బే వెట్ గ్రైండరే. నాలుకకు గరుకు తగలకూడదంటే రేణువు 25 మైక్రాన్ల లోపుకు, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు కన్నా సన్నగా, నలగాలి. పలుకుల్లో సగానికి పైగా ఉండే కొవ్వును కోకో బటర్ అంటారు. అది ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు, వాటిలో పనికొచ్చేది అయిదో రకం ఒక్కటే. అందుకే ముదురు చాక్లెట్‌ను 45 డిగ్రీలకు పైగా కరిగించి, 28 దాకా చల్లార్చి, మళ్లీ 31, 32కు తెస్తారు. టెంపరింగ్ అనే ఈ పని సరిగా కుదిరిన పలక నిగనిగలాడుతూ, విరిస్తే టక్కుమంటుంది, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక నోట్లో వేసుకోగానే జారిపోతుంది.

దుకాణంలో అడుగుపెట్టినవారి చూపు ముందుగా బాన్‌బాన్ల మీదికి, అంటే లోపల మెత్తని పూర్ణం నింపిన రంగురంగుల చాక్లెట్ల మీదికి పోతుంది. అవి రుచికరమైనవే అయినా పని నాణ్యత తెలిసేది మాత్రం కోకో, చక్కెర తప్ప మరేమీ లేని 70 శాతం సాదా పలకలోనే. (ఆ అంకె గింజ నుంచి వచ్చిన భాగాన్ని చెబుతుంది, మిగిలినది చక్కెర.) ముక్క విరిచి వాసన చూసి, నమలకుండా నాలుక మీద ఉంచితే మొదట పులుపు, ఆ వెనుక ఎండుద్రాక్ష వంటి తీపి, చివర కాస్త చేదు ఒక్కొక్కటే తెలుస్తాయి, తోటనూ పులిసిన తీరునూ బట్టి ఈ వరుస మారుతుంది. చవక రకాలు అనేకం కోకో బటర్ స్థానంలో వేరే వంటకొవ్వు వాడే కాంపౌండ్ చాక్లెట్లు కాబట్టి, వాటిలో ఇంత వెతుక్కోవడానికి ఏమీ ఉండదు.

34 డిగ్రీలకు కరిగే ఈ వస్తువును 40 దాటే నడిగడ్డ ఎండలోకి తేవడం మరో విద్య. దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టిన పలక మీద తెల్లని పొర తేలుతుంది. చాలామంది బూజనుకుని పారేసే ఈ ఫ్యాట్ బ్లూమ్ పైకి వచ్చిన కోకో బటరే, తింటే హాని లేదు గాని టక్కుమనే గుణం పోతుంది. ఫ్రిజ్‌లో విడిగా పెట్టి తీస్తే చెమ్మ పట్టి చక్కెర పైకి తేలుతుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక లోపలి చల్లదనం తగ్గేవరకు మూత తీయకపోవడమే మార్గం. ఎండలు ఇంకా ముదరని వసంత పంచమికి అలంపూర్ జోగులాంబ అమ్మవారి దర్శనానికి వచ్చే హైదరాబాదు బంధువులు బాన్‌బాన్లు తెచ్చినా ఇబ్బంది లేదు, అయితే పూర్ణంలో మీగడ, తడి ఉంటాయి కనుక వాటిని దాచుకోకుండా త్వరగా తినేయాలి. మే నెలలో వచ్చేవారికి మాత్రం నిబ్స్ గానీ, పాలలో కలుపుకునే చాక్లెట్ పొడి గానీ తెమ్మని ముందే చెప్పుకోవడం మేలు.