జాడీ దాటిన పచ్చడి: ఆన్‌లైన్ వ్యాపారంలో కనిపించని సైన్సు

ఇంట్లో పెట్టిన పచ్చళ్లు ఊరూరా అమ్ముకోవడానికి ఇప్పుడు దుకాణం అక్కర్లేదు. ఫోన్‌లో నాలుగు ఫొటోలు, ఒక వాట్సాప్ నంబరు, డబ్బు కోసం యూపీఐ కోడ్, గుమ్మం దగ్గరికే వచ్చి పార్సిల్ పట్టుకెళ్లే కొరియర్ ఉంటే చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆవకాయ, గోంగూర మొదలు చికెన్, రొయ్యల పచ్చళ్ల దాకా ఇలా అమ్ముతున్న ఇళ్లు ఎన్నో. చేతికి రుచి తెలిసినవాళ్లకు మొదలుపెట్టడం తేలికే. నడపడంలోనే ఉంది చిక్కు.

ఇంటి జాడీలోని పచ్చడిని ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. నూనె తేలిందా, బూజు పట్టిందా, తడి గరిటె పడిందా అని గమనిస్తారు. వెయ్యి కిలోమీటర్లు వెళ్లి, మూడు నెలల తర్వాత ముక్కూ మొహం తెలియనివారి పళ్లెంలో పడే పచ్చడి వెంట ఆ చూపు వెళ్లదు. దాని బదులు కొలతలు పనిచేయాలి.

కొత్తవారికి మొదటి దెబ్బ పచ్చడి వల్ల కాదు, పెట్టెలోని గాలి వల్ల తగులుతుంది. కొరియర్ వాహనం మోయగల బరువుకే కాదు, అందులో పట్టే జాగాకూ పరిమితి ఉంది. అందుకే చాలా సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, 5000తో భాగించి ‘పరిమాణ బరువు’ కడతాయి. ఈ భాజకం సంస్థను బట్టి కొంత మారుతుంది. అసలు బరువు, పరిమాణ బరువుల్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. సీసా పగలకూడదని 30 × 25 × 20 సెం.మీ. పెట్టె వాడితే పరిమాణ బరువు 3 కిలోలు. లోపల ఉన్నది కిలో పచ్చడే అయినా మూడు కిలోలకు డబ్బు కట్టాలి. అదే సీసా 20 × 15 × 15 సెం.మీ. పెట్టెలో పడితే లెక్క 0.9 కిలోకు దిగుతుంది, అప్పుడు అసలు బరువుకే చార్జీ. లాభం మిగలకపోతే మిరపకాయల ధరను తిట్టుకునేవారు ముందు పెట్టెను కొలిచి చూడాలి.

చిన్న పెట్టెలో సీసా పగలదా? పగలడం ఆధారపడేది ఎంత ఎత్తునుంచి పడింది, ఎంత దూరంలో ఆగింది అన్న రెండు అంకెల మీద. 80 సెం.మీ. ఎత్తునుంచి పడిన సీసా 2 మిల్లీమీటర్లలో ఆగితే, అది గురుత్వ త్వరణానికి సుమారు 400 రెట్ల కుదుపు. అదే 2 సెంటీమీటర్ల మెత్తలో కుంగుతూ ఆగితే సుమారు 40 రెట్లే. కాబట్టి కావలసింది పెద్ద పెట్టె కాదు, సీసా కదలకుండా అన్ని వైపులా బిగువుగా నింపిన రెండు మూడు సెంటీమీటర్ల మెత్త.

పగలని సీసా కూడా నూనె కారుస్తుంది. దూరపు పార్సిళ్లు విమానంలో వెళ్తాయి. ప్రయాణికుల విమానాల్లో సామాను ఉంచే అరల్లోనూ గాలి పీడనం నేలమీద ఉన్నంత ఉండదు. దాదాపు 2400 మీటర్ల ఎత్తులో ఉండే స్థాయి వరకు, అంటే నేలమీది పీడనంలో సుమారు మూడు వంతులకు తగ్గవచ్చు. సీసా లోపల చిక్కుకున్న గాలిది మాత్రం నేలమీది పీడనమే. 7 సెం.మీ. వ్యాసమున్న మూతను ఆ తేడా లోపలి నుంచి దాదాపు 10 కిలోల బరువంత బలంతో బయటికి నెడుతుంది. సీసా నిటారుగా ఉంటే కొంచెం గాలి తప్పించుకుంటుంది. తలకిందులైతే గాలి అడుగువైపు చేరి, మూత దగ్గరున్న నూనెను బయటికి తోస్తుంది. ఎన్ని చుట్లు టేపు వేసినా నూనె పెట్టె అంచుకు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే. మెత్తని పౌచ్ అయితే పీడనానికి తగ్గట్టు ఉబ్బి, మళ్లీ సర్దుకుంటుంది. లోపల గాలి ఎంత తక్కువ మిగిలితే అంత తక్కువ ఉబ్బుతుంది. వేడిచేసి మూసిన బహుళ పొరల పౌచ్‌లను ఈ వ్యాపారంలో ఇష్టపడటానికి తేలిక బరువుతో పాటు ఇదీ కారణం.

ఇంతవరకూ పోయేది డబ్బే. తర్వాతి లెక్క తప్పితే తినేవారి ఆరోగ్యం పోతుంది.

ఆవకాయ ఏడాది నిలవడానికి ఒక్క ఉప్పే కారణమని చాలామంది అనుకుంటారు. ఆహారంలో నీరు ఎంత ఉందన్నదాని కంటే అందులో సూక్ష్మజీవులకు ఎంత అందుబాటులో ఉందన్నదే ముఖ్యమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త విలియం జేమ్స్ స్కాట్ 1953లో చూపారు. ఆ అందుబాటు కొలతే ‘వాటర్ యాక్టివిటీ’. స్వచ్ఛమైన నీటికి ఇది 1, ఉప్పు ఇక కరగనంతగా కలిసిన నీటికి 0.75. చాలా బ్యాక్టీరియా 0.9 కంటే దిగువన పెరగలేవు. ఆవకాయలో దీనికి పచ్చిమామిడి పులుపు తోడవుతుంది, ఆవపిండి ఘాటు తోడవుతుంది, పైన తేరిన నూనె బూజుకు కావలసిన గాలిని ఆపుతుంది. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలకపోయినా అన్నీ కలిసి దాటలేని అడ్డాలవుతాయి. జర్మన్ శాస్త్రవేత్త లోథర్ లైస్ట్నర్ ఇలాంటి పద్ధతికి ‘హర్డిల్ టెక్నాలజీ’ అని పేరు పెట్టారు. తెలుగువాళ్ల వంటిళ్లలో పేరు లేకుండానే అది నడిచింది.

చికెన్, రొయ్యల పచ్చళ్లలో ఈ అడ్డాల్లో ఒకటి పుట్టుకతోనే ఉండదు. మాంసంలో పులుపు లేదు. దానిపై నూనె పోస్తే బూజు ఆగుతుంది గాని, గాలి లేని చోటే పెరిగే క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియాకు అది అనుకూలం. దీని విషం నరాలను పక్షవాతానికి గురిచేస్తుంది. ముక్కలు బాగా వేగాయి కదా అనుకోవడానికి లేదు. నూనె ఎంత కాగినా, ముక్క లోపల తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఈ బ్యాక్టీరియా బీజాలు ఆ వేడిని తట్టుకోగలవు. పీహెచ్ 4.6 కంటే తక్కువగా, అంటే తగినంత పుల్లగా ఉంటే మాత్రం అవి మొలకెత్తి పెరగలేవు. చివర్లో పిండే నిమ్మరసం పని రుచితో ఆగదు.

ఎంత పిండాలి? నిమ్మకాయ పులుపు కాయను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది కనుక ‘పది కాయలు’ అన్న కొలత చాలదు. ప్రతి విడతనూ పీహెచ్ మీటరుతో చూడాలి. రంగు మారే కాగితాలు ఎర్రటి కారంలో తప్పుదారి పట్టిస్తాయి. పులుపు ముక్క లోపలికి ఇంకడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత నూనె వంపేసి ముక్కను, మసాలాను కలిపి రుబ్బి కొలవాలి. పైపైన గుజ్జును కొలిస్తే ముక్క మధ్యలో ఏముందో తెలియదు. వాటర్ యాక్టివిటీ కొలిచే పరికరం ఖరీదైనది. దానికి నమూనాను గుర్తింపు పొందిన ఆహార పరీక్షాశాలకు పంపడమే దారి. వాసన చూసి బాగుందని చెప్పడం పరీక్ష కాదు. బొట్యులినం విషం ఉన్నా వాసన, రుచి మారకపోవచ్చు.

ఇక సీసాపై వేసే తేదీ. పక్క వ్యాపారి ‘12 నెలలు’ అన్నాడని అదే అచ్చు వేసేవారు ఉన్నారు. నూనె కనరెక్కడం లాంటి రసాయన చర్యలు ప్రతి 10 డిగ్రీలకు ఉజ్జాయింపుగా రెట్టింపు వేగంతో సాగుతాయి. మే నెలలో మూసిన వ్యాన్‌లో 50 డిగ్రీల వేడిలో నాలుగు రోజులు తిరిగిన పార్సిల్, 30 డిగ్రీల గదిలో దాదాపు 16 రోజులు గడిపినట్టే. ఈ లెక్క కనరుకే గాని సూక్ష్మజీవులకు వర్తించదు. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం కొనేవారి చేతికి అందేసరికి దాని నిల్వ కాలంలో కనీసం 30 శాతం లేదా 45 రోజులు మిగిలి ఉండేలా చూడాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 నవంబరులో ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. కాబట్టి ఊహించి వేసిన తేదీకి రెండు వైపులా చిక్కే.

ఇంట్లో చేసి అమ్మినా ఇది ఆహార వ్యాపారమే. 2011 నాటి నిబంధనలు ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్నవారికి రిజిస్ట్రేషన్‌ను, ఆపైవారికి లైసెన్సును తప్పనిసరి చేశాయి. లేబుల్‌పై 14 అంకెల ఆ సంఖ్య, పదార్థాలు, నికర బరువు, బ్యాచ్ సంఖ్య ఉండాలి. మాంసాహారమైతే గోధుమరంగు త్రిభుజం గుర్తు వేయాలి.

వీటిలో బ్యాచ్ సంఖ్యను చాలామంది అలంకారం కింద తీసుకుంటారు. ఒక్కో విడతకు ఒక సంఖ్య, ఆ రోజు చూసిన పీహెచ్, వాడిన నూనె, ఎవరికి ఎన్ని సీసాలు వెళ్లాయో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంటే, ఫలానా సీసా ఉబ్బిందని ఫోన్ వచ్చిన రోజున ఆ విడత కొన్న నలభై ఇళ్లకు గంటలో చెప్పవచ్చు. రాసి లేకపోతే ఆ నెలలో కొన్నవారందరికీ ఫోన్ చేయాలి. ప్రతి విడతలోంచి ఒక సీసా తీసి, తేదీ గడిచేదాకా అలమరలో ఉంచుకుంటే, ఫిర్యాదు వచ్చినప్పుడు పరీక్షకు పంపడానికి అదే పచ్చడి చేతిలో ఉంటుంది.