ఆవిరిబండియు, కరవుసీమ నీరును

బళ్ళారినుండి రాయదుర్గమునకు బోవు రైలుమార్గము ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో మీటరుగేజిగా వేయబడెను. అప్పుడు రాయదుర్గము బళ్ళారిజిల్లాలో నుండెను. 1953 సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు అనంతపురము జిల్లాలో జేరినది. నేడా మార్గమున బ్రాడుగేజి పట్టాలున్నవి. పొగబండి జాడయే లేదు. దాని కూతను, పొగను దలచుకొని విచారించువా రనేకులు. వారికి మేము జ్ఞాపకము చేయదలచిన దొక్కటే: ఆ యంత్రము మన కరవుసీమలో బ్రతికినన్నాళ్ళు దాని ముఖ్యాహారము బొగ్గు మాత్రమే గాదు, నీరు.

ఆ యంత్రము పనిచేయు విధము చూడుడు. ఇంజను వెనుకభాగమున కొలిమి. దాని ముందు బాయిలరు. కొలిమిలోని వేడి సన్నని గొట్టములగుండ ముందుకు సాగును. ఆ గొట్టములచుట్టు నీరుండును. నీరు కాగి యావిరియై, డ్రైవరు మీట లాగినతోడనే సిలిండర్లలో జొచ్చి పిస్టనును నెట్టును. పిస్టను కడ్డీని, కడ్డీ చక్రమును ద్రిప్పును. పని ముగిసిన యావిరి పొగగొట్టమున వేగముగా వెడలుచు కొలిమిలోనికి గాలిని లాగును. బండి యెంత శ్రమపడిన నిప్పంత మండును. మనము విన్న చుక్‌చుక్ శబ్దము ఇదియే. ఇంతకంటె చక్కని యుపాయము మానవబుద్ధికి దోచియుండునా? బాయిలరులో నీరు తఱిగి కొలిమి పైకప్పు బయటపడెనా, అందమర్చిన సీసపుబిరడా కరగి, ఆవిరి కొలిమిలోనికి జిమ్మి హెచ్చరించును. నీరు చాలకున్న ప్రాణాపాయమే. కాని యొక్కసారి వాడిన యావిరి మరల బాయిలరునకు రాదు, ఆకాశము పాలగును.

స్వాతంత్ర్యానంతరము మీటరుగేజిపై విరివిగా దిరిగిన వై.పి. తరగతి యింజను తొట్టిలో సుమారు 3,000 గ్యాలన్ల నీరు పట్టును. మన రైతు కపిలబాన యొక్కతూరికి 30 గ్యాలన్లు పోయునని పెట్టుకొన్నను, ఎద్దులజత నూఱుమార్లు బావిగట్టున నడువవలెను. అదియు మంచినీరు గావలెను. ఉప్పునీరు, సుద్దనీరు కాగినకొలది బాయిలరులోపల ఱాయివలె పెచ్చు గట్టును. వేడి నీటి కందదు, బొగ్గు వృథా యగును. అందుచే ఇంజనును అప్పుడప్పుడు చల్లార్చి, లోపల గడిగి, మరల గంటలకొలది కాచి సిద్ధము చేయవలసివచ్చెడిది.

ధాతకరవని పెద్దలు చెప్పుకొను 1876-78 నాటి క్షామముతరువాత, కరవునేలకు ధాన్యము చేర్చు సాధనము రైలే యని ప్రభుత్వము నమ్మెను. ధాన్యము వచ్చిన మాట నిజము; అదే బండి ధాన్యము గొనిపోయిన మాటయు నిజము. రైళ్ళకు గాదు, కాలువలకు ధనము వెచ్చింపుడని సర్ ఆర్థరు కాటను మొఱపెట్టెను. రమేశచంద్రదత్తు తన ఆర్థికచరిత్ర గ్రంథములలో ఆ వాదమునే బలపఱచెను. మదరాసు రైల్వే మొదలగు తొలికంపెనీలకు నూటికి 5 చొప్పున లాభము పూచీపడిన దొరతనమువారు రాయలసీమ చెఱువుగట్టునకు అట్టి పూచీ యేల యీయలేదు? ఇంజను దారిలో నీరు దొరకుచోటు వెదకి, తొట్టి గట్టి, గొట్టము వేయించిన శ్రద్ధలో నాల్గవవంతు పొలమునకు జూపినచో!

ఇక పొగబండి పోవుటకు కారణములు స్పష్టములే. బొగ్గులోని శక్తిలో నూటికి 6, 7 పాళ్ళకు మించి చక్రమునకు జేరదు. డీజిలింజనులో నది 25 పాళ్ళు దాటును. డీజిలునకు దారిపొడవునను నీటితొట్లు వలదు, తెల్లవారుజామున కొలిమి కాచువాడు వలదు. 1961 లో అమెరికానుండి వై.డి.యం. 4 తరగతి డీజిళ్ళు మీటరుగేజికి దిగినవి. 1972 తో మీటరుగేజి ఆవిరియింజన్ల నిర్మాణము ముగిసెను. 1992 లో దేశమంతట నొకేగేజి యను పథకము వచ్చెను. 1995 డిసెంబరులో బ్రాడుగేజిపై ఆవిరిబండ్ల నిత్యసేవ యంతరించెను.

నష్టపడినవా రెవరు? ప్రయాణికుడు కాదు; వాని తెల్లపంచె మసికాకుండ మిగిలినది. నిప్పు పలుచగా, సమముగా పఱచుటకు బొగ్గు నేమూలకు విసరవలెనో చేతిచలనముచే నెఱిగిన ఫైర్మనుయొక్క విద్య పోయినది. దానిని వ్రాసియుంచినవా రరుదు, నేర్చుకొనువాడు మఱి లేడు.

మీటరుగేజి దారులలో ఇంజన్లకు నీరిచ్చిన పాతబావులు రాయదుర్గము చుట్టుపట్ల నెచ్చటనైన మిగిలియున్నచో, వానిని రైల్వేవారును పురపాలకసంఘమువారును కూడి యొకతూరి చూచి, పూడిక తీయించి, నీరు పరీక్షింపించి, ఊరికి పనికివచ్చునో లేదో ఈ వేసవికి ముందే ప్రకటింతురు గాక.