పారసీక సంగీతం, సూఫీ కవిత, విద్యుత్ ధ్వని

ఫార్సీ గజల్ ఒకటి, దానికి తోడుగా సెతార్ తీగల సవ్వడి, ఆ రెండింటి వెనుక ఏ తీగనుంచీ ఏ తోలునుంచీ పుట్టని ఒక విద్యుత్ ధ్వని: ఈ మూడింటినీ ఒకటిగా కూర్చిన సంగీతం కొన్ని దశాబ్దాలుగా ప్రపంచమంతటా వినవస్తున్నది. మన విద్యార్థులలోనూ దానిని వినేవారు లేకపోలేదు. అయితే వినడం వేరు, వినిపిస్తున్నదానిలో ఏది ఎక్కడినుంచి వచ్చింది, ఏది దేనితో పొసగింది, ఏది పొసగలేదు అని తెలుసుకోవడం వేరు. హైదరాబాదు రాజ్యంలో 1880ల వరకు ఫార్సీయే పాలనా భాషగా ఉండేది. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఈ విషయం మరీ పరాయిది కాదని తలచి, దానిని గూర్చి మాకు తెలిసినంత వివరింపబూనుకున్నాము.

ముందుగా పారసీక సంగీతపు కట్టడిని చూడవలసి ఉన్నది. మనకు రాగం ఎలాగో వారికి దస్త్‌గాహ్ అలాగ. కాని రెండూ ఒకటే అనుకోరాదు. రాగం ఒక స్వరూపం. దస్త్‌గాహ్ అనేకమైన చిన్న చిన్న స్వరూపాలను ఒక వరుసలో కూర్చిన ప్రయాణం. ఆ చిన్న స్వరూపాలకు గూషె అని పేరు. గాయకుడు మంద్రస్థాయిలో బయలుదేరి ఒక గూషె నుంచి మరొక గూషెకు సాగుతూ, పైస్థాయిని అందుకొని, తిరిగి బయలుదేరిన చోటికే చేరుకుంటాడు. శూర్, సెగాహ్, చహార్‌గాహ్, హుమాయూన్, మాహూర్, నవా, రాస్త్ పంజ్‌గాహ్ అని ప్రధాన దస్త్‌గాహ్‌లు ఏడు. ఈ గూషెలన్నిటినీ గురువు శిష్యునికి కంఠస్థం చేయించే సంకలనానికి రదీఫ్ అని పేరు. నేడు ఎక్కువగా నేర్పుతున్నది మీర్జా అబ్దుల్లా (1843–1918) పరంపరలోని రదీఫ్. 2009లో యునెస్కో ఇరానీ రదీఫ్‌ను మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. ఉర్దూ విద్యార్థులు ఇక్కడ తికమక పడవచ్చు. గజల్‌లో ప్రతి షేర్ చివరా తిరిగి వచ్చే మాటకు కూడా రదీఫ్ అనే పేరు. మాట ఒకటే, పని వేరు. ‘శూర్’ కూడా అటువంటిదే. మనము ‘శోర్’ అంటే అల్లరి, గోల అనుకుంటాము. ఫార్సీ గాయకునికి అది హృదయంలో రేగే అలజడి, దస్త్‌గాహ్‌లన్నిటికీ తల్లి వంటిది.

ఇక స్వరాల సంగతి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. పాశ్చాత్యుల పియానోలో ఒక స్థాయిని పన్నెండు సమభాగాలుగా చేస్తారు. స్థాయి మొత్తాన్ని 1200 సెంట్లుగా లెక్కిస్తే ఒక్కొక్క మెట్టుకు 100 సెంట్లు. పారసీక సంగీతంలో ఈ మెట్లు ఉన్నవి. వాటి నడుమ నిలిచే స్వరాలు కూడా ఉన్నవి. అలీనఖీ వజీరీ 20వ శతాబ్ది తొలి భాగంలో ఆ స్వరాలను వ్రాయడానికి ‘కొరోన్’, ‘సొరీ’ అనే గుర్తులు కల్పించి, స్థాయిని ఇరవైనాలుగు సమభాగాలు చేయవచ్చునని ప్రతిపాదించాడు. గుర్తులు నిలిచాయి గాని లెక్క నిలవలేదు. వాద్యాలపై కొలిచి చూసిన హొర్మోజ్ ఫర్హాత్, 1990లో వెలువడిన తన గ్రంథంలో, ఆ నడిమి అంతరాలు కచ్చితంగా 150 సెంట్లు కావనీ, ఒకటి దాదాపు 135, మరొకటి దాదాపు 160 ఉంటుందనీ, అవి కూడా వాయించే చేతినిబట్టి కొంచెం కదులుతుంటాయనీ చూపాడు. మన శాస్త్రకారులు 22 శ్రుతులు చెప్పి, వాటిని చెవితోనే తెలుసుకోవాలని ఎందుకన్నారో దీనినిబట్టి గ్రహించవచ్చు.

కీబోర్డు మీద నడిచే విద్యుత్ వాద్యానికి పుట్టుకతో వచ్చినవి ఆ పన్నెండు మెట్లే. 1983లో వచ్చిన మిడి అనే సంకేత పద్ధతి కూడా ప్రతి స్వరానికీ ఒక మెట్టు సంఖ్యను ఇస్తుంది. సెగాహ్ పాడుతున్న గాయని వెనుక ఇట్టి వాద్యం మామూలు శ్రుతిలో మోగితే, ఇద్దరు మనుషులు కొంచెం ఎడంగా నిలబడి ఒకే మాటను పలికినట్లుంటుంది. నేటి సింథసైజర్లలో ఒక్కొక్క మెట్టును కావలసినంత జరుపుకునే వీలున్నది. కాబట్టి యంత్రం చేతకానిదని అనడానికి లేదు. జరపాలని తెలిసిన చెవి కావాలి, అంతే. ఈ శ్రమ పడని వారు రెండు దారులు తొక్కుతారు. నడిమి స్వరాలు లేని మాహూర్ వంటి దస్త్‌గాహ్‌ను ఎన్నుకోవడం ఒకటి, విద్యుత్ వాద్యాన్ని ఒకే ఒక ఆధార స్వరం మీద తంబూరా వలె నిలిపి ఉంచడం మరొకటి. రెండవది మంచి ఉపాయమే. ఈ పద్ధతి సంగీతంలో అంత తరచుగా ఆ దీర్ఘమైన మంద్రధ్వని వినిపించడానికి కారణం గాంభీర్యం ఒక్కటే కాదు, ఇది కూడా.

లయ విషయంలో వైరం ఇంకా లోతైనది. పారసీక సంగీతానికి హృదయం వంటిది ఆవాజ్, అనగా తాళం లేని గానం. దానికి తాళం లేదు గాని నడక లేకపోలేదు. ఆ నడక పద్యానిది. అరూజ్ ఛందస్సులోని గురు లఘువుల వరుస ఎక్కడ నిలపాలో, ఎక్కడ సాగదీయాలో గాయకునికి చెబుతుంది. పాదం ముగిసిన తరువాత ‘తహ్రీర్’ అనే గమకాల జల్లు కురిపించి మరొక పాదం ఎత్తుకుంటాడు. తెలుగువారికి దీనిని వేరుగా బోధించనవసరం లేదు. పౌరాణిక నాటకంలో నటుడు పద్యం ఎత్తుకొని, చివర రాగాలాపనతో సాగదీసినప్పుడు తబలా ఊరక ఉంటుంది. అక్కడ పద్యమే లయ. ఆ పద్యం వెనుక యంత్రం నిమిషానికి ఇన్ని దెబ్బలని లెక్కగా కొడుతుంటే ఏమవుతుందో ఊహించుకోండి. గాయకుడు దెబ్బ కోసం గురువును కుదించాలి, లేదా లఘువును సాగదీయాలి. అందుచేత తెలిసిన స్వరకర్తలు ఆవాజ్‌ను యంత్రతాళానికి కట్టరు. సహజంగానే తాళబద్ధమైన చహార్‌మెజ్రాబ్ వంటి వాద్య రచనలను, డఫ్ మీద నడిచే దర్వేషుల గతులను తాళానికి ఉపయోగించి, ఆవాజ్ వచ్చినప్పుడు తాళాన్ని మాన్పిస్తారు.

సూఫీ కవిత సంగీతంతో చెలిమి చేయడం నేటిది కాదు, ఆ చెలిమి మీద వివాదమూ నేటిది కాదు. సమా, అనగా భక్తితో వినడం, ఎప్పుడు తగునో ఎప్పుడు తగదో 1111లో గతించిన ఇమామ్ గజాలీ విపులంగా చర్చించాడు. కాలం, స్థలం, తోడివారు: ఈ మూడూ తగినవై ఉండాలని పూర్వుల మాటగా ఆయన చెప్పాడు. ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ కాలంలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా సమాను గూర్చి పండితుల సభ ముందు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. వింత ఏమంటే, వాద్యాల విషయంలో ఆయనే కఠినుడు. ఆయన సంభాషణలను అమీర్ హసన్ సిజ్జీ ‘ఫవాయిదుల్ ఫువాద్’గా కూర్చాడు, వాద్యాలు తగవన్న మాట అందులో ఉన్నది. ఆ హసన్ మన దక్కనుకే వచ్చి ఖుల్దాబాదులో శాశ్వతనిద్ర పొందాడు. నేడు అదే ఔలియా దర్గాలో హార్మోనియం, ఢోలక్ లేని కవ్వాలీ లేదు. హార్మోనియం 19వ శతాబ్దిలో ఐరోపానుంచి వచ్చిన పెట్టె. మన స్వరాల సూక్ష్మతను పలకలేదని ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు దానిని దూరంగా ఉంచింది. ఇప్పుడు దానిని పరాయి వాద్యమని ఎవరనగలరు? విద్యుత్ ధ్వని కొత్తది కాబట్టి అపవిత్రమని వాదించేవారు ఈ చరిత్రను ఒకమారు తలచుకోవాలి.

ఇరాను దేశానికి విద్యుత్ సంగీతం వచ్చిన తీరు విచిత్రమైనది. 1967 నుంచి 1977 వరకు షీరాజ్‌లో ఏటేటా కళోత్సవం జరిగేది. 1971లో ఆ ఉత్సవానికై గ్రీకు స్వరకర్త యానిస్ జెనాకిస్ ‘పెర్సెపొలిస్’ అనే ఎనిమిది మార్గాల టేప్ రచన చేసి, ఆ ప్రాచీన నగర శిథిలాల నడుమ రాత్రివేళ దివిటీల వెలుగులో వినిపించాడు. దాదాపు గంటసేపు సాగే ఆ ధ్వని ప్రవాహంలో పారసీక స్థలం ఉన్నది గాని పారసీక దస్త్‌గాహ్ లేదు. ఆ రెండవ పనికి పూనుకున్నవారు ఇరానీయులే. 1940లో తెహ్రానులో జన్మించి, వియన్నా, ఉట్రెక్ట్ నగరాలలో చదివిన అలీరెజా మషాయెఖీ 1960లలోనే ‘శూర్’ పేరుతో టేప్ రచన చేశాడు. 1947లో జన్మించిన దారియుష్ దొలత్‌షాహీ చిన్ననాటినుంచి తార్ వాద్యం నేర్చినవాడు. న్యూయార్కులోని కొలంబియా–ప్రిన్స్‌టన్ ఎలక్ట్రానిక్ సంగీత కేంద్రంలో పనిచేసి, 1985లో తార్, సెతార్ వాద్యాలను విద్యుత్ ధ్వనులతో కలిపిన రికార్డును ఫోక్‌వేస్ సంస్థ ద్వారా వెలువరించాడు. అందులో యంత్రం తాళం వేయదు. తార్ చుట్టూ గాలి వలె, పక్షుల కలకలం వలె తిరుగుతుంటుంది. మా దృష్టిలో ఈ కలయికకు అదే గట్టి పునాది. 1979 విప్లవం తరువాత ఇరానులో సంగీతంపై, విశేషించి స్త్రీల గానంపై కట్టుబాట్లు పెరగడంతో ఈ కృషి చాలావరకు ప్రవాసంలో సాగింది. అయినా దేశంలో ఆగిపోలేదు. ‘సొతె’ అనే పేరుతో ప్రసిద్ధుడైన అతా ఎబ్తెకార్ 2017లో సంతూర్, సెతార్ విద్వాంసులతో కలిసి చేసిన రికార్డులో 72 తీగల సంతూర్ మ్రోత ఎక్కడ ముగిసి యంత్ర ధ్వని ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. అది చెవికి ఇంపైన సంగీతమని మాత్రం మేము అనము. కొన్నిచోట్ల పిడుగుపాటు వలె ఉంటుంది.

సూఫీ కవితతో ఈ సంగీతాన్ని ఎక్కువమంది వద్దకు చేర్చినది ‘నియాజ్’ అనే బృందం. తెహ్రానులో పుట్టి, మన దేశంలో పాఠశాల చదువు సాగించి, తరువాత అమెరికా చేరిన ఆజమ్ అలీ దాని గాయని. లోగా రామిన్ తోర్కియాన్ తీగవాద్యాలు, కార్మెన్ రిజ్జో యంత్ర ధ్వనులు సమకూర్చారు. వారి మొదటి రికార్డు 2005లో వచ్చింది. 2008 నాటి రెండవ దాని పేరు ‘నైన్ హెవెన్స్’, అనగా తొమ్మిది ఆకాశాలు. ఈ పేరు అమీర్ ఖుస్రో (1253–1325) రచించిన ‘నుహ్ సిపిహ్ర్’ నుంచి గ్రహించినది. 1318లో పూర్తయిన ఆ కావ్యం మూడవ ఆకాశంలో ఖుస్రో హిందూస్థానాన్ని పొగుడుతూ, ఇచ్చటి భాషల పేర్లు వరుసగా చెప్పాడు. ఆ వరుసలో ‘తిలంగీ’ కూడా ఉన్నది, అంటే మన తెలుగే. ఈ దేశపు సంగీతం హృదయాన్ని దహించే అగ్ని అనీ, దానిని విని అడవిలో లేళ్ళు కదలక నిలిచిపోతాయనీ కూడా ఆ ప్రకరణంలోనే వర్ణించాడు. ఏడు వందల ఏండ్ల తరువాత లాస్ ఏంజిలిస్ నగరంలో యంత్రాల మధ్య ఆ కవి పేరు మళ్ళీ పలకడం ముచ్చటైన సంగతి.

కాని మాటలు ఏమవుతున్నవి? మాకు తోచిన అసలు ప్రశ్న ఇది. యంత్రానికి కంఠం కూడా ఒక ధ్వనియే. దానిని కోయవచ్చు, తిప్పవచ్చు, ఒక ముక్కను వందసార్లు వినిపించవచ్చు. 1990లో కవ్వాల్ నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్ ‘మస్త్ మస్త్’ రికార్డు చేసినప్పుడు ఇదే జరిగింది. భాష తెలియని బ్రూక్ కొన్నిచోట్ల పాదాన్ని నడిమికి కోయగా అర్థం చెడింది, ఖాన్ అందుకు ఒప్పుకోలేదు, ఆ చోట్లు సరిదిద్దారు. కవ్వాలీలో కూడా ఒకే పాదాన్ని పదేపదే పాడుతారు గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని కవ్వాల్ పాదాన్ని తిప్పేది ఎదుట కూర్చున్నవాని ముఖం చూసి. ఒకరికి ఆవేశం కలిగితే ఆ మాటను వదలడు, ఆ ఆవేశం చల్లారిన తరువాతనే ముందుకు సాగుతాడు. యంత్రానికి ఎదుటివారు లేరు. గజాలీ చెప్పిన మూడింటిలో కాలం, స్థలం ఎలాగో సర్దుకున్నా తోడివారు లోపిస్తారు. చెవులకు గొట్టాలు తగిలించుకొని బస్సులో ఒంటరిగా వినేవారికి ఈ లోటు మరీ ఎక్కువ.

యంత్రం తెచ్చిన మేలును కూడా చెప్పకుండా ఉండలేము. సెతార్‌ను చూపుడువేలి గోటితో మీటుతారు. దాని ధ్వని ఎంత మెత్తనిదంటే పక్కగదిలోకి వినిపించదు. దర్వేషులు దానిని ఏకాంతంలో వాయించుకునేవారు. పేరుకు మూడు తీగలే గాని నేటి సెతార్‌కు నాలుగున్నవి; నాలుగవ తీగను ముష్తాక్ అలీ షా అనే సూఫీ చేర్చాడని సంప్రదాయం చెబుతుంది. అంత చిన్న గొంతుగల వాద్యం వేయిమంది కూర్చున్న శాలలో, పెద్ద డఫ్‌ల నడుమ వినిపిస్తున్నదంటే అది మైక్రోఫోను చలవే.

ఆసక్తిగల విద్యార్థులకు ఒక సూచన. ‘నైన్ హెవెన్స్’లో రెండు పళ్ళాలున్నవి. మొదటిదానిలో గీతాలు యంత్ర ధ్వనులతోను, రెండవదానిలో అవే గీతాలు కొన్ని సంప్రదాయ వాద్యాలతో మాత్రమేను ఉన్నవి. ఉర్దూ శాఖవారినో, ఇంట్లో ఫార్సీ తెలిసిన పెద్దలనో అడిగి ముందుగా ఆ పద్యాల అర్థం తెలుసుకొని, రెండవ పళ్ళెం విని, ఆ తరువాత మొదటిది వినండి. గాయని ఏ అక్షరం మీద ఆగింది, యంత్రం అక్కడ ఆమెకు చోటిచ్చిందా లేదా అన్నది అప్పుడు ఎవరి చెవికి వారికే వినిపిస్తుంది.