షట్‌డౌన్ చేసినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది.. ఎందుకంటే?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం.. జిరాక్స్ షాపైనా, మీసేవ కేంద్రమైనా, చీరల డిజైన్లు గీసే సెంటరైనా రాత్రి సిస్టమ్ షట్‌డౌన్ చేసి తాళం వేస్తారు. గోడ స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. అసలు సంగతి అక్కడే ఉంది.

సీపీయూ డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా ఆగదు. ఊదారంగు వైరులో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు మదర్‌బోర్డుకు వెళ్తూనే ఉంటుంది. బటన్ నొక్కగానే సిస్టమ్ ఆన్ కావాలంటే అది కావాలి మరి. షట్‌డౌన్ అయ్యాక కూడా కొన్నిచోట్ల మౌస్ లైట్ వెలుగుతుంది చూడండి.. అదీ ఈ కరెంటే.

పాత ఎస్‌ఎంపీఎస్, మానిటర్, స్పీకర్లు కలిపి 5 వాట్లు లాగుతాయనుకుందాం. రోజుకు 14 గంటలు షాపు మూసి ఉంటే ఏడాదికి 25 యూనిట్లు పైనే. ఇంట్లో ఒక్క సిస్టమే ఉంటే పెద్దగా తెలీదు. పది సిస్టమ్‌లున్న సెంటర్లో మాత్రం 255 యూనిట్లు ఊరికే పోయినట్టే! స్టాండ్‌బై ఒక్క వాట్ దాటకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే సూచించింది.

షట్‌డౌన్ పూర్తయ్యాకే స్విచ్ ఆపాలి. యూపీఎస్ ఉంటే ముందు దాని బటన్ ఆఫ్ చేయాలి, లేదంటే రాత్రి బ్యాటరీ ఖాళీ అవుతుంది. పొద్దున తేదీ, టైమ్ తప్పు చూపిస్తే కంగారొద్దు.. మదర్‌బోర్డుపై ఉండే బిళ్ల సెల్ అయిపోయి ఉంటుంది, మార్చుకుంటే చాలు.