ఫార్ములా లేని బొగ్గు

ఆలేరు స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ మీద నిల్చుంటే కాజీపేట వైపు నుంచి వచ్చే గూడ్సు బండ్లు ఎదురుగానే పోతాయి. బొగ్గు వ్యాగన్లు పోతుంటే పిల్లలు లెక్కపెడతారు. కెమికల్ ఇంజినీరుకూ అక్కడో లెక్కుంది, అది చాలా చిక్కు లెక్క. బొగ్గుకు ఫార్ములా లేదు.

ప్లాంటును కట్టకముందే కంప్యూటర్లో నడిపి చూపే సిమ్యులేటర్‌లో ‘నీళ్లు’ అని కొడితే వాటి గుణాలన్నీ అదే తెచ్చుకుంటుంది. బొగ్గుకైతే తేమ, బూడిద, కార్బన్, మండితే వచ్చే వేడి, అన్నీ మనమే ఇవ్వాలి. ఎవరో ఒకరు ల్యాబులో నమూనా కాల్చి తూచితేనే ఆ అంకెలు దొరుకుతాయి. సింగరేణి బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. పరాయి బొగ్గు అంకెలు పెడితే తెర మీద బాయిలర్ బ్రహ్మాండంగా మండుతుంది. కట్టాక తెలుస్తుంది అసలు సంగతి.

ఈ సిమ్యులేషన్ విద్య పెరిగిందే ఇంధన కటకటలో. 1973 చమురు సంక్షోభం తర్వాత బొగ్గు నుంచి గ్యాసు, నూనె తీయాలని అమెరికా తలపెట్టింది. ఆ ప్లాంట్ల లెక్కల కోసం 1976లో ఎంఐటీలో లారీ ఎవాన్స్ సారథ్యంలో ఆస్పెన్ ప్రాజెక్టు మొదలైంది. 1981లో అది కంపెనీ అయింది.

మన దగ్గర చదివి ఈ దారిలో చాలా దూరం నడిచినవారు ప్రొఫెసర్ జి.పి. రంగయ్య. ఆంధ్రా యూనివర్సిటీలో డిగ్రీ, ఐఐటీ కాన్పూర్‌లో మాస్టర్స్, ఇంజినీర్స్ ఇండియాలో రెండేళ్ల ఉద్యోగం, ఆస్ట్రేలియాలోని మోనాష్‌లో పీహెచ్‌డీ. 1982లో సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో చేరారు. ఖర్చు తగ్గాలి, ఇంధనమూ తగ్గాలి అన్నప్పుడు రెంటికీ కుదిరే మార్గాలను వెతకడం ఆయన పరిశోధనలో పెద్ద భాగం. పాత ప్లాంట్లను మెరుగుపరచడంపై 2016లో పుస్తకమే తెచ్చారు.

నాకు ఈ పాత ప్లాంట్ల పనే గొప్పగా తోస్తుంది. ద్రవాలను విడదీసే డిస్టిలేషన్ కాలమ్‌నే చూడండి. అడుగున స్టీమ్ పెట్టి మరిగిస్తారు. పైకొచ్చిన ఆవిరిని నీళ్లతో చల్లార్చి, అంత వేడినీ గాలిపాలు చేస్తారు. ఆ ఆవిరినే కంప్రెసర్‌తో నొక్కితే వేడెక్కుతుంది, దాంతోనే అడుగున మరిగించవచ్చు. విడదీసే రెండు ద్రవాల మరుగు స్థానాలు దగ్గరగా ఉంటే స్టీమ్ చాలా మిగులుతుంది. దూరంగా ఉంటే కంప్రెసర్ కరెంటే ఆ లాభాన్ని మింగేస్తుంది. ఎక్కడ గిట్టుబాటవుతుందో ముందే చెప్పగలగడమే ఈ వృత్తి.

ఇప్పుడు మొదలుపెట్టడానికి లక్షల రూపాయల లైసెన్సు అక్కర్లేదు. డీడబ్ల్యూసిమ్ అనే సిమ్యులేటర్ ఉచితం. దానిపై ఫ్లోషీట్లు, అంటే ప్లాంటు నమూనాలు, తయారుచేసే విద్యార్థులకు ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు పారితోషికం కూడా ఇస్తుంది. కట్టి చూడ్డానికి ప్లాంటూ దూరం లేదు. ఆలేరు ఉన్న పాత నల్గొండ జిల్లాలోనే దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. ఆలేరు పిల్లలెవరైనా అక్కడి బాయిలర్‌ను ల్యాప్‌టాప్‌లో కట్టి చూడాలని నా కోరిక. అంతకంటే ముందు గుప్పెడు సింగరేణి బొగ్గు సంపాదించి, కాల్చి, మిగిలిన బూడిదను తూచాలి.