అయివారి పేరు వెనక అక్షరాలు

మా సింహాద్రిపురం వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ టీచరును అయివారు అనే అంటారు. చీనీ తోటకు పోతూ బడి ముందు ఆగి "అయివారూ, బాగుండారా" అని పలకరిస్తారు తప్ప, ఆయన ఎస్‌జీటీనా, స్కూల్ అసిస్టెంటా, పండిట్టా అని ఎవరూ అడగరు. అడగాల్సిన పనీ లేదు. కానీ ఆ పొట్టి అక్షరాల ఒక్కోదాని వెనక ఒక శిక్షణ, ఒక పరీక్ష, కొన్నిసార్లు సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉన్నాయి. వాటి కథలు తెలిస్తే అయివారి మీద గౌరవం ఇంకొంచెం పెరుగుతుందని నా నమ్మకం.

ముందు ఎస్‌జీటీ సంగతి. సెకండరీ గ్రేడ్ టీచర్ అంటారు గానీ ఆయన చెప్పేది ఒకటి నుంచి ఐదో తరగతి దాకా, అంటే ప్రాథమిక పాఠశాలలో. మరి 'సెకండరీ' ఎక్కడి నుంచి వచ్చింది? అది పిల్లల తరగతిని చెప్పే మాట కాదు, టీచరు చదువును చెప్పే మాట. మన కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఎనిమిదో తరగతి దాకా చదివి శిక్షణ పొందినవారిది ఎలిమెంటరీ గ్రేడు. ఎస్‌ఎస్‌ఎల్‌సీ దాకా, అంటే సెకండరీ చదువు పూర్తిచేసి శిక్షణ పొందినవారిది సెకండరీ గ్రేడు. కింది గ్రేడు ఎప్పుడో పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఎస్‌ఎస్‌ఎల్‌సీ ఎస్‌ఎస్‌సీ అయింది. పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది. ఇవాళ ఎస్‌జీటీ కావాలంటే ఇంటర్, దాని మీద రెండేళ్ల డీఈడీ ఉండాలి.

ఆ రోజుల్లోనే పెద్ద హైస్కూళ్ల టీచర్ల పేరు పక్కన బీఏ, ఎల్‌టీ అని రాసుండేది. ఎల్‌టీ అంటే లైసెన్షియేట్ ఇన్ టీచింగ్. పాఠం చెప్పడానికి లైసెన్సు అని పేరులోనే ఉన్న చదువు అది. తర్వాత అది బీటీ అయింది, ఆ పైన బీఈడీ. సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా మద్రాసు సైదాపేటలోని టీచర్స్ కాలేజీలో ఈ ఎల్‌టీకి చదివినవారే. అప్పటికే ఆయన ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగి. ఆయనకు మనస్తత్వశాస్త్రం మీద ఎంత పట్టుందో చూసి అక్కడి గురువు తోటి విద్యార్థులకు ఆయన చేతే పాఠాలు చెప్పించారు. ఆ పాఠాలే 1912లో 'ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ' అనే పుస్తకంగా వచ్చాయి. టీచరు కావడానికి వెళ్లి, శిక్షణలో ఉండగానే టీచరైపోయిన మనిషి పుట్టినరోజున సెప్టెంబరు 5న మనం పండగ చేసుకోవడం ఎంత సరిపోయిందో చూడండి.

ప్రొద్దుటూరు వాళ్లకు ఇంతకంటే దగ్గరి కథ ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యులు చాలా ఏళ్లు అక్కడ తెలుగు పండితులుగా పనిచేశారు. ఆయన శివతాండవం కావ్యం పుట్టింది ఆ ఊరి అగస్త్యేశ్వరాలయంలోనే. తెలుగు పండితుడు కావాలంటే అప్పట్లో విద్వాన్ పరీక్ష పాసవ్వాలి. ఆచార్యులవారు ఆ పరీక్షకు కూర్చుంటే, చదవాల్సిన పాఠ్యగ్రంథాల్లో ఒకటి 'పెనుగొండ లక్ష్మి'. అది ఆయన చిన్నవయసులో తానే రాసిన కావ్యం! సొంత కావ్యం మీద ప్రశ్న కనబడగానే దానికే పేజీలకు పేజీలు రాస్తూ కూర్చుని, తక్కిన ప్రశ్నలకు సమయం చాలక ఆ పరీక్ష తప్పారని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1972లో పద్మశ్రీ అందుకున్న మహాకవికి కూడా బడిలో పాఠం చెప్పాలంటే ఆ కాగితం తప్పలేదు.

హిందీ పండితులది ఇంకో దారి. 1918లో మద్రాసులో మొదలైన హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని మెట్లు మెట్లుగా ఉంటాయి. సాయంత్రం పూట ఎవరో ఒక ప్రచారక్ ఇంటి వసారాలో చాపేసుకుని చదివిన పిల్లలే ఒక్కో మెట్టూ ఎక్కి, పండిట్ శిక్షణ చేసి, హిందీ సార్లు, హిందీ మేడమ్‌లు అయ్యారు. ఈ పండిట్ పోస్టులను తర్వాత చాలావరకు స్కూల్ అసిస్టెంటు స్థాయికి పెంచారు. ఎప్పుడో జరగాల్సిన న్యాయం అది.

టీటీసీ అనే మూడక్షరాలకు మన దగ్గర రెండు అర్థాలున్నాయి, తెలుసా? ఇప్పుడు డీఈడీ అంటున్న ప్రాథమిక శిక్షణను పాతకాలం వాళ్లు టీటీసీ అనేవారు. డ్రాయింగు, కుట్టు, చేనేత నేర్పేవాళ్లకు ఉన్న టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ కూడా టీటీసీనే. ఈ రెండోది వేసవి సెలవుల్లో 42 రోజుల శిక్షణతో వస్తుంది. డ్రాయింగులో లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు పాసై, ఎర్రటి ఎండల్లో ఆ 42 రోజులు పూర్తిచేస్తే డ్రాయింగు టీచరు పోస్టుకు అర్హత.

వ్యాయామ ఉపాధ్యాయులు చదివే కోర్సులకు ప్రవేశపరీక్ష పీఈసెట్. అందులో పెన్నుతో పనే లేదు. పరుగు, షాట్‌పుట్, దూకడం లాంటి వాటికి 400 మార్కులు, ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100.

ఇక టెట్, డీఎస్సీ. మా వైపు ఎన్నో ఇళ్లలో ఈ రెండు మాటలు వినబడని రోజుండదు.

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే ఎన్‌సీటీఈ, టీచరు కావాలంటే అర్హత పరీక్ష, అంటే టెట్, రాయాల్సిందేనని తేల్చింది. మన రాష్ట్రంలో మొదటి టెట్ 2011 జులై 31న జరిగింది. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, 150 మార్కులు. తప్పు రాస్తే మార్కు పోదు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే గట్టెక్కినట్టు. మొదట్లో ఈ సర్టిఫికెట్ ఏడేళ్లే చెల్లేది. 2021లో దాన్ని జీవితకాలానికి మార్చి, 2011 నుంచి పాసైనవాళ్లందరికీ వర్తింపజేశారు. గడువు తీరిపోయిన కాగితాలకు మళ్లీ ప్రాణం వచ్చింది.

టెట్ పాసైనంత మాత్రాన ఉద్యోగం రాదు, ఉద్యోగమిచ్చే డీఎస్సీ పరీక్ష రాయడానికి అర్హత వస్తుంది. డీఎస్సీకి 80, టెట్‌కు 20 వెయిటేజీ. కాబట్టే 100 మార్కులతో పాసైనవాళ్లు కూడా 120 కోసం, 120 వచ్చినవాళ్లు 135 కోసం మళ్లీ మళ్లీ రాస్తుంటారు. లెక్క వేస్తే టెట్‌లో ఒక మార్కు చివరి జాబితాకు వచ్చేసరికి 0.13 అవుతుంది. డీఎస్సీలో ఒక ప్రశ్న అర మార్కు. అంటే డీఎస్సీలో ఒక్క ప్రశ్న సరిగ్గా రాస్తే టెట్‌లో దాదాపు నాలుగు ప్రశ్నలతో సమానం. బయటివాళ్లకు ఇదంతా పిచ్చి లెక్కగా కనిపిస్తుంది గానీ, పాయింటులో ముక్క తేడాతో పోస్టు పోగొట్టుకున్నవాళ్లను అడగండి.

మా అక్క దగ్గర ఒక ప్లాస్టిక్ ఫైలు ఉండేది, మూలలు తెల్లబడి చిరిగిపోయిన ఫైలు. పదో తరగతి మార్కుల జాబితా పైన ఇంటర్‌ది, దాని పైన డీఈడీది, ఆ పైన మూడు టెట్ హాల్‌టికెట్లు, అన్నిటికంటే పైన స్టడీ సర్టిఫికెట్లు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రతి ఏడాదీ ఎక్కడ చదివిందో బడి ముద్రతో రాసిన కాగితాలవి. వాన కురిస్తే మంచం మీది పరుపు కంటే ముందు ఆ ఫైలును లోపలికి తీసుకునేది. అవనిగడ్డలో కోచింగ్‌కు పోయినప్పుడు కూడా దాన్ని దిండు కిందే పెట్టుకునేదంట. ఎక్కడో దివిసీమలోని ఆ ఊళ్లో మన రాయలసీమ పిల్లలు అద్దె గదుల్లో నెలలకు నెలలు చదువుకోవడం డీఎస్సీ చరిత్రలో ఒక అధ్యాయమే.

ఆ స్టడీ సర్టిఫికెట్లకు అంత విలువ ఎందుకంటే, 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం టీచరు పోస్టుల్లో 80 శాతం ఆ జిల్లా స్థానికులకే. స్థానికులంటే ఆధార్‌లో ఊరి పేరు ఉన్నవాళ్లు కాదు. ఆ ఏడేళ్లలో ఎక్కువకాలం ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా స్థానికులు. సింహాద్రిపురానికి అనంతపురం సరిహద్దు పక్కనే. అమ్మమ్మగారి ఊరని సరిహద్దు దాటిపోయి ఐదారేళ్లు చదివిన పిల్ల, పుట్టి పెరిగింది కడప జిల్లాలోనే అయినా, డీఎస్సీ లెక్కలో అనంతపురం పిల్ల అవుతుంది. పెళ్లయి ఏ ఊరికి పోయినా ఆ లెక్క మారదు. పిల్లలను బడి మార్పించే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

2025 మెగా డీఎస్సీ నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది. పోస్టులు 16,347. అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్‌జీటీలు 6,371, తక్కినవి టీజీటీ, పీజీటీ, ప్రిన్సిపాల్, పీఈటీ పోస్టులు. 3,36,307 మంది కలిసి 5,77,675 దరఖాస్తులు పెట్టారు. ఒకరే రెండు మూడు పోస్టులకు పెట్టడం వల్ల అంత సంఖ్య. వయోపరిమితి ఓసీలకు 44 ఏళ్లు. 44 ఏళ్ల అభ్యర్థీ, ఆయన శిష్యుల ఈడు పిల్లలూ ఒకే హాల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. గెలిచిన ఎస్‌జీటీకి మూలవేతనం 32,670 రూపాయలతో, స్కూల్ అసిస్టెంటుకు 44,570తో మొదలవుతుంది.

ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు '398 టీచర్లు' గుర్తొస్తారు. 1980లలో నెలకు 398 రూపాయల గౌరవవేతనం మీద స్పెషల్ టీచర్లను నియమించారు. ఆ అంకే వాళ్ల పేరైపోయింది. తర్వాత వాళ్లను రెగ్యులర్ చేశారు గానీ, ఆ తొలి ఏళ్ల సర్వీసు లెక్క కోసం ఎంతోకాలం పోరాడారు. 1998 డీఎస్సీ వాళ్లది ఇంకా కడుపు తరుక్కుపోయే కథ. అర్హత సాధించి కూడా ఉద్యోగం రాక కోర్టుల చుట్టూ తిరిగి, పాతికేళ్ల తర్వాత మినిమం టైమ్ స్కేలు మీద బడిలో అడుగుపెట్టారు. జుట్టు నెరిసిపోయి, మనవళ్లను ఎత్తుకున్న చేతులతో మొదటిసారి హాజరుపట్టీ పట్టుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు.

బీఈడీ పెద్ద చదువు, డీఈడీ చిన్న చదువు, కాబట్టి బీఈడీ చేసినవాళ్లు చిన్న తరగతులకూ చెప్పొచ్చని చాలామంది అనుకుంటారు. 2018లో ఎన్‌సీటీఈ కూడా అట్లాగే అనుమతిచ్చింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది కుదరదంది. పలక మీద అ ఆలు దిద్దించడం వేరే విద్య, దానికి శిక్షణ పొందినవాళ్లే అక్కడ ఉండాలన్నది ఆ తీర్పు సారం. బీఈడీ మిత్రులకు బాధ కలిగినా, ఆరేళ్ల పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఆ మాటే సరైనదని నేననుకుంటాను.

డాక్టరుకూ లాయరుకూ ఉన్నట్టు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న టీచర్లు మన దేశంలో ఉన్నారా? ఉన్నారు. ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు. 1992 చట్టంతో ఏర్పడిన పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్టరులో వాళ్ల పేరుండాలి, దాన్ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అమెరికాలోనైతే ప్రభుత్వ బడుల టీచర్లకు మామూలుగా ఇదే పద్ధతి, అదీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. టెక్సస్‌లో సర్టిఫికెట్ ఐదేళ్లే చెల్లుతుంది, ఆలోపు 150 గంటల శిక్షణ చూపాలి. అక్కడికి వెళ్లిన మన బీఈడీ ఆడపిల్లలు ముందు మన డిగ్రీల విలువ కట్టించుకుని, మళ్లీ అక్కడి పరీక్షలు రాసి, అప్పుడు క్లాసులో అడుగుపెడుతున్నారు.

మన దగ్గర ఒకసారి ఉద్యోగం వస్తే పరీక్షల బెడద తీరినట్టేనని అనుకునేవాళ్లం. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అదీ మారింది. ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు కొనసాగవచ్చు గానీ టెట్ లేకుండా ప్రమోషన్ లేదు. ఆ వెంటనే వచ్చిన టెట్‌కు మన రాష్ట్రంలో పనిచేస్తున్న టీచర్లు కూడా దరఖాస్తు చేశారు.

మా అక్కకు మూడో తరగతిలో ఎక్కాలు నేర్పిన సారు వాళ్లలో ఒకరు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి టెట్ అనే మాటే లేదు. అక్క ఇప్పుడు ఎస్‌జీటీ. ఒక ఆదివారం పొద్దున ఆయన కళ్లజోడు, ఒక నోటుబుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"సార్, మీరు నాకు కబురు చేసుంటే నేనే వచ్చేదాన్ని గదా" అంది అక్క, కంగారుగా కుర్చీ తెస్తూ.

"ఉండనీమ్మా, ఇక్కడ బాగుంది. లెక్కలు, తెలుగు నేను చూసుకుంటా. ఆ సైకాలజీలో పియాజే, కోల్‌బర్గ్ ఉండారే, వాళ్లే తలకెక్కడంలా. కొంచెం నిదానంగా చెప్పు" అన్నారాయన, నోటుబుక్కు తెరిచి పైన తేదీ వేసుకుంటూ.