ఉప్పునీటి తొట్టిలో రాతి కట్టడం: ఎందుకు నిలుస్తుంది, ఎందుకు కూలుతుంది?

విద్యార్థులారా! ప్రవాళ భిత్తికల గురించి, అంటే పగడపు దిబ్బల గురించి భూగోళ శాస్త్రంలో మీరు చదివే ఉంటారు. అలాంటి దిబ్బను పోలిన ఒక చిన్న కట్టడాన్ని గాజు తొట్టిలో నిలబెట్టడం ఈనాటి మన పాఠం. అక్వేరియం అనగానే అందరి దృష్టి రంగురంగుల చేపల మీదికే పోతుంది. మనం మాత్రం రాళ్ల గురించి మాట్లాడుకుందాం. రాళ్లు పేర్చడంలో చేసిన తప్పు నీళ్లు పోసిన రోజున బయటపడదు. ఎన్నో నెలల తరువాత, తొట్టి నిండా ప్రాణులున్నప్పుడు, ఏ అర్ధరాత్రో బయటపడుతుంది.

ముందు కొన్ని లెక్కలు చూద్దాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి తీసుకోండి. అంచుదాకా నింపితే అందులో సుమారు 250 కిలోల ఉప్పునీరు పడుతుంది. రాళ్లు ఒక 25 కిలోలు అనుకుందాం. ఈ రాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. దాని సాంద్రత నీటికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది. ఆర్కిమెడిస్ సూత్రం గుర్తు తెచ్చుకోండి: మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బరువును కోల్పోయినట్లు కనిపిస్తుంది. ఆ ప్రకారం గాలిలో 25 కిలోలు తూగిన రాళ్లు నీటిలో 16 కిలోలే తూగుతాయి.

దీనివల్ల వచ్చే నష్టమేమిటి? ఒక రాయి మరొక రాయి మీద జారకుండా ఆపేది ఘర్షణ. ఘర్షణ రాయి మోపే బరువును బట్టి ఉంటుంది. బరువు తగ్గింది కాబట్టి ఘర్షణా తగ్గింది. బల్ల మీద పేర్చినప్పుడు మీ చేతి తోపుకు చలించని రాయి, నీటిలో అంతకంటే తక్కువ తోపుకే జారుతుంది. దానికి తోడు కొన్నాళ్లకు రాళ్ల మీద నాచు పడుతుంది. ఇక తోసేవారు ఎవరంటారా? నీటిని తిప్పే పంపు ఉంది, రాళ్ల సందుల్లోకి దూరే సముద్రపు ముళ్లగోళాలు ఉన్నాయి, గాజు తుడవడానికి లోపలికి వెళ్లే మీ చెయ్యి ఉంది.

అన్నిటికంటే పెద్ద తవ్వకందారు పిస్తోలు రొయ్య. ఇది ఇసుకలో బొరియ చేసుకుని, గోబీ అనే చిన్న చేపతో కలిసి కాపురం ఉంటుంది. రొయ్య తవ్వుతుంది, చేప కాపలా కాస్తుంది. చూడడానికి ముచ్చటైన స్నేహమే కానీ, ఆ బొరియ మీ రాతి కింద పడితే పునాది పోయినట్లే. నేను మొదటిసారి తొట్టి పెట్టినప్పుడు ఇసుక పరిచి దాని మీద రాళ్లు పేర్చాను. చూడడానికి ఎంతో సహజంగా ఉంది. మూడు నెలలు తిరిగేసరికి ఒక పక్క కుంగి, పై రాయి గాజుకు ఆనుకుంది. గాజు పగలకపోవడం నా అదృష్టం, తెలివి కాదు.

కాబట్టి క్రమం ఇది: ముందు రాయి, తరువాత ఇసుక. అడుగు రాళ్లు నేరుగా తొట్టి అడుగున కూర్చోవాలి. అయితే గాజు మీద రాయి మొన ఆనకూడదు. బరువంతా ఒకే చిన్న బిందువు మీద పడితే అక్కడ పీడనం విపరీతంగా పెరుగుతుంది. అందుకని అడుగు రాయిని ఉలితోనో ఆకురాయితోనో చదును చేయాలి. గాజు మీద పలుచని ప్లాస్టిక్ పలక వేస్తే మరీ మంచిది.

ఇప్పుడు ముక్కాలిపీటను ఊహించుకోండి. నాలుగు కాళ్ల కుర్చీ ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది. ముక్కాలిపీట ఊగదు. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉండడమే కారణం. ప్రతి రాయీ తన కింది రాళ్ల మీద మూడు చోట్ల ఆనేలా తిప్పి తిప్పి చూడండి. దాని గురుత్వ కేంద్రం నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత ఆ మూడు బిందువుల త్రిభుజం లోపల పడాలి. బయట పడితే జిగురు ఎంత పూసినా ఆ రాయి పడిపోవడానికే చూస్తూ ఉంటుంది. ముందుకు పొడుచుకు వచ్చిన చూరు కావాలనుకుంటే, దాని వెనుక కొసను బరువైన రాతితో అదిమి పెట్టాలి.

ఇదంతా తొట్టిలో చేసే పని కాదు. తొట్టి అడుగు కొలతకు ఒక అట్ట కత్తిరించి, దాని మీద పేర్చి చూడండి. నాలుగు పక్కలా మూడు నాలుగు అంగుళాల ఖాళీ వదలండి. వెనుక గాజుకు ఆనించడం చాలామందికి అలవాటు, కానీ అక్కడ నీరు కదలక మురికి పేరుకుంటుంది. కుదిరిన రాళ్లకు రంధ్రాలు చేసి ఫైబర్ గ్లాస్ లేదా అక్రిలిక్ కడ్డీలు దింపాలి. ఆపైన రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ పెట్టాలి. ఇనుప కడ్డీ తుప్పు పడుతుంది. రాగి తీగ వాడితే వెన్నెముక లేని ప్రాణులకు విషమే. చివరికి అట్టను అటూ ఇటూ కుదపండి. ఏ రాయైనా టక్కుమంటే మళ్లీ మొదటి నుంచి పేర్చండి.

రాళ్లు చేసే రెండో పని కంటికి కనిపించదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను రాతి పైపొరలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాల్లో మరో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మారుస్తుంది. అందుకే రాళ్లను గోడలా గట్టిగా కట్టకుండా, గుహలూ సందులూ వదిలి నీరు అన్ని వైపులా తిరిగేలా పేర్చాలి.

మరి ఈ రాళ్లు ఎక్కడివి? సముద్రంలోవి కాకూడదు. తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖలో 21 దీవుల సమూహం ఉంది. సున్నం కోసం, కట్టడాల కోసం ఏళ్ల తరబడి అక్కడి పగడపు రాళ్లను తవ్వారు. అలలకు అడ్డుగోడ పోయాక దీవులు కోతకు గురయ్యాయి. రెండు దీవులు నీట మునిగిపోయాయి. 1986లో అక్కడ సముద్ర జాతీయ పార్కు ఏర్పడింది. 2001లో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అండమాన్‌కో రామేశ్వరానికో విహారయాత్రకు వెళ్లినప్పుడు ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడపు ముక్కను సంచిలో వేసుకున్నా అది నేరమే. కొన్ని దేశాల్లో పెంపకం కేంద్రాల పగడపు ముక్కలను ఈ రాళ్ల మీద అతికిస్తారు. మన తొట్టిలో రాయి, చట్టం అనుమతించిన చేపలు, నత్తలు చాలు.

రాయిని మనమే తయారు చేసుకోవచ్చు. సిమెంటులో నత్తగుల్లల నలుసులు, కల్లుప్పు కలిపి పోత పోయండి. నీటిలో నానినప్పుడు ఉప్పు కరిగి రంధ్రాలు మిగులుతాయి. కొత్త సిమెంటు నీటి పీహెచ్‌ను బాగా పెంచుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.1 దరిదాపుల్లో ఉంటుంది. అందువల్ల నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నానబెట్టక తప్పదు. పీహెచ్ పెరగడం ఆగిందని పరీక్షించి చూసుకున్నాకే కట్టడం మొదలుపెట్టండి.

కట్టడం అయ్యాక ఇసుక పోసి, లీటరుకు 35 గ్రాముల లవణం ఉండే నీరు నింపి, పంపు తిప్పండి. చేపలు వేయకుండా అమ్మోనియాను పరీక్షిస్తూ ఉండండి. అది పెరిగి, తగ్గి, నైట్రైట్‌తో సహా సున్నాకు రావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా రాళ్ల మీద గోధుమరంగు పొర కడితే కంగారు పడకండి. అది డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాల పని, కొన్నాళ్లకు దానంతటదే తగ్గుతుంది. ఈ వారాల్లో మాత్రం రోజుకొకసారి రాతి అడుగున ఇసుక కదిలిందేమో చూడండి. చేపలు లేవు కాబట్టి ఏదైనా సరిదిద్దడానికి ఇదే వీలైన సమయం.